సిద్ధాంత గ్రంథాలు పెరిగాయి, చదివేవారే కరవు

డాక్టరేట్ పరిశోధనపై నిబంధనలెన్నో మారాయి. పర్యవేక్షణ, పరీక్షల ప్రమాణాలే ప్రశ్నార్థకం

దేశంలో పిహెచ్.డి. పట్టా కోసం పేరు నమోదు చేసుకున్న విద్యార్థుల సంఖ్య 2014-15లో 1.17 లక్షలు. 2021-22 నాటికి అది 2.12 లక్షలకు చేరింది. ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వం ఏటా జరిపే అఖిల భారత సర్వే వెల్లడించిన అంకెలివి. ఏడేళ్ల వ్యవధిలో పెరుగుదల 80 శాతానికి పైమాటే. ఇదే కాలంలో పరిశోధక విద్యార్థినుల సంఖ్య దాదాపు రెట్టింపై లక్షకు చేరువ కావడం గమనార్హం. ఉన్నత విద్యలో చేరిన మొత్తం 4.33 కోట్ల మందిలో పరిశోధకుల వాటా అర శాతమే అయినా, రేపటి అధ్యాపకులు, శాస్త్రవేత్తలు, విధాన నిపుణులు ఈ అర శాతం నుంచే రావలసి ఉంది.

అంకెలను బట్టి చూస్తే సంతృప్తి చెందవలసిందే. అయితే ఇంతమంది ఏళ్ల తరబడి శ్రమించి రాస్తున్న సిద్ధాంత గ్రంథాలను శ్రద్ధగా చదువుతున్నదెవరు అనే ప్రశ్నకు ఏ సర్వేలోనూ సమాధానం కనిపించదు. 2009 నుంచి ఇప్పటి వరకు విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యు.జి.సి.) డాక్టరేట్ పరిశోధనకు సంబంధించిన నిబంధనలను పలుమార్లు సవరించింది. ఎన్నేళ్లలో పూర్తి చేయాలి, ఎన్ని వ్యాసాలు ప్రచురించాలి, ఎంత శాతం సారూప్యత ఉండవచ్చు, ఒక్కో ఆచార్యుని వద్ద ఎందరు ఉండాలి అనే విషయాలన్నీ ఆ నిబంధనల్లో ఉన్నాయి. లెక్కించడానికి వీలైన ప్రతి అంశాన్నీ క్రమబద్ధం చేశారు. లెక్కకు లొంగనిది ఒక్కటే మిగిలింది. అది పర్యవేక్షకుడు, పరీక్షకుడు ఆ గ్రంథాన్ని ఆసాంతం చదివి, అందులోని వాదనను నిలదీయడం. నేటి సంక్షోభానికి మూలం అక్కడే ఉంది.

పట్టాకు ఎందుకీ గిరాకీ?

పరిశోధనపై ఆసక్తి ఒక్కటే ఈ పెరుగుదలకు కారణమని చెప్పలేం. కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపక ఉద్యోగాలకు పిహెచ్.డి. ప్రవేశపత్రంగా మారడమే ప్రధాన కారణం. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి 2021 జూలై నుంచి పిహెచ్.డి. తప్పనిసరి అని యు.జి.సి. 2018 నాటి నిబంధనల్లో ప్రకటించింది. దీంతో అప్పటికే జాతీయ అర్హతా పరీక్ష (నెట్)లో ఉత్తీర్ణులైన వేలాది మంది పరిశోధనలో పేరు నమోదు చేసుకోవడానికి పరుగులు తీశారు. కరోనా కారణంగా ఆ గడువును 2023 జూలై వరకు పొడిగించారు. గడువు తీరేసరికి నిబంధననే మార్చివేశారు. నెట్, లేదా రాష్ట్ర స్థాయి అర్హతా పరీక్షలే కనీసార్హత అనీ, పిహెచ్.డి. ఐచ్ఛికమనీ 2023లో యు.జి.సి. స్పష్టం చేసింది.

అయిదేళ్ల కాలంలో ప్రభుత్వ విధానం ఇలా ముందుకూ వెనక్కూ నడిచింది. ఉద్యోగార్హత కోసమే పరిశోధనలో చేరినవారు మధ్యలో చిక్కుకుపోయారు. ఉద్యోగ ప్రకటన వెలువడితే ఎంపికలో డాక్టరేట్‌కు అదనపు విలువ ఉంటుంది కాబట్టి మానుకోలేరు. ప్రకటన ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి త్వరగా ముగించాలన్న ఆతృతా ఉండదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో బోధనా పోస్టుల ఖాళీలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన సంగతి పాఠకులకు కొత్త కాదు.

పిహెచ్.డి.కి ముందు మెట్టుగా ఉండిన ఎం.ఫిల్. కూడా ఇదే కాలంలో కనుమరుగైంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం దాన్ని రద్దు చేయాలని సూచించగా, 2022 నవంబరులో యు.జి.సి. ప్రకటించిన నిబంధనలు ఆ పని పూర్తి చేశాయి. ఒక చిన్న అంశంపై ఏడాది, రెండేళ్లు పనిచేసి తనకు పరిశోధన సరిపడుతుందో లేదో తేల్చుకునే అవకాశం దీంతో పోయింది. పైగా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నేరుగా పిహెచ్.డి.లో చేరవచ్చు. ప్రతిభావంతులకు ఇది వరమే. కాని పరిశోధనా పద్ధతుల్లో శిక్షణ ఇచ్చే బాధ్యత ఇక పూర్తిగా పర్యవేక్షకునిపైనా, కనీసం 12 క్రెడిట్ల కోర్సు పనిపైనా పడింది.

వ్యాసాల వ్యాపారం

నిబంధన ఒకటి, ఫలితం మరొకటి కావడానికి ప్రచురణల వ్యవహారం చక్కని ఉదాహరణ. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు నిపుణులు పరిశీలించే పత్రికలో కనీసం ఒక వ్యాసం ప్రచురించాలనీ, సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించాలనీ 2016 నాటి నిబంధనలు నిర్దేశించాయి. పరిశోధకుడు తన పనిని తోటి నిపుణుల ముందుంచి విమర్శ స్వీకరించాలన్నది దీని ఉద్దేశం. అంతకు ముందే, 2010 నుంచీ, అధ్యాపకుల పదోన్నతులకూ ప్రచురణల సంఖ్యను బట్టి పాయింట్లు లెక్కించే పద్ధతి అమలులోకి వచ్చింది.

ఫలితంగా అడిగినవారికల్లా సొమ్ము తీసుకొని వ్యాసం అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వ్యాసం పంపిన వారం రోజుల్లో ఆమోదం, ఆ వెంటనే ధ్రువపత్రం. నిపుణుల పరిశీలన అన్నది మాటకే పరిమితం. యు.జి.సి. ఆమోదించిన పత్రికల జాబితాలోనే ఇటువంటివి చోటు చేసుకోవడంతో 2018 మే నెలలో ఏకంగా 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. తరువాత 2019లో ‘కేర్’ పేరుతో మరో జాబితా తెచ్చారు. దానిపైనా విమర్శలు చెలరేగాయి. మంచి పత్రికలకు, ముఖ్యంగా భారతీయ భాషల పత్రికలకు, చోటు దక్కడం లేదనీ, చోటు దక్కిన పత్రికల పేరుతో నకిలీలు వెలుస్తున్నాయనీ ఫిర్యాదులు వచ్చాయి. చివరకు 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాకు కూడా స్వస్తి పలికి, పత్రికల నాణ్యతను నిర్ణయించే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించారు. ఈ లోగా 2022 నిబంధనల్లో ప్రచురణ తప్పనిసరి అన్న షరతును తొలగించడం జరిగింది.

ఈ చరిత్రలో గుర్తించవలసిన అంశం ఒకటుంది. వ్యాసం మంచిదా కాదా అన్నది దాన్ని చదివిన నిపుణుడు చెప్పవలసిన మాట. ఆ పని జాబితాతో జరిపించాలని చూశారు. జాబితా విఫలం కాగానే మరో జాబితా తెచ్చారు. ఇప్పుడు బాధ్యత తిరిగి విశ్వవిద్యాలయం వద్దకే చేరింది. కాని ఏళ్ల తరబడి జాబితాలకు అలవాటుపడిన శాఖల్లో వ్యాసాన్ని చదివి తీర్పు చెప్పే అలవాటు ఒక్క ఉత్తర్వుతో తిరిగి వస్తుందా అన్నది సందేహమే.

యంత్రం చెప్పే శాతం

గ్రంథచౌర్యాన్ని అరికట్టేందుకు 2018లో యు.జి.సి. ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సారూప్యత 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల లోపు సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 శాతం వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు. 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. ఆధారం పేర్కొంటూ ఉదహరించిన భాగాలు, గ్రంథసూచి, చట్టాల పాఠం, సమీకరణాలు, యాదృచ్ఛికంగా కలిసే 14 వరుస పదాల వరకు ఈ లెక్క నుంచి మినహాయింపు ఉంది. సారూప్యతను కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను విశ్వవిద్యాలయాలకు అందించడానికి 2019లో ‘శోధ్ శుద్ధి’ పథకం ప్రారంభమైంది.

చర్య అవసరమైనదే. పేరాలకు పేరాలు ఎత్తిరాసే దుస్సంప్రదాయానికి కొంతవరకైనా కళ్లెం పడింది. కాని యంత్రం కొలిచేది మాటల పోలికనే తప్ప ఆలోచన ఎవరిదన్నది కాదు. ఇంగ్లీషు గ్రంథంలోని అధ్యాయాన్ని తెలుగులోకో, హిందీలోకో అనువదించి తన పేరుతో చేర్చుకున్నవాణ్ణి పట్టుకోవడం దానికి కష్టం. ఆ రెండు పుస్తకాలూ చదివిన మనిషి మాత్రం రెండో పేజీలోనే పసిగడతాడు. మరోవైపు, నిజాయితీగా పనిచేసిన విద్యార్థి తన శాస్త్రంలో స్థిరపడిన ప్రయోగ విధానాన్ని వర్ణించినందుకు శాతం పెరిగిందని, సరైన వాక్యాన్ని వంకరగా మార్చి రాయవలసి వస్తోంది.

2022 చివర నుంచి అందుబాటులోకి వచ్చిన కృత్రిమ మేధ సాధనాలు సమస్యను మరింత జటిలం చేశాయి. అడిగిన క్షణంలో అధ్యాయం రాసిపెట్టే ఈ సాధనాల వాక్యాలు ఏ పుస్తకంలోనూ యథాతథంగా ఉండవు. కనుక సారూప్యత శాతం తక్కువగా ఉంటుంది. నిబంధనకు లోబడి ఉంటుంది. అటువంటి గ్రంథాన్ని నిలువరించగలిగేది మౌఖిక పరీక్షలో ‘ఈ నిర్ధారణకు ఎలా వచ్చావు, ఈ ఆధారాన్ని ఎక్కడ చూశావు’ అని అడిగే పరీక్షకుడు ఒక్కడే. ఆయన ముందుగా గ్రంథాన్ని చదివి ఉండాలి.

అన్ని శాస్త్రాలకూ ఒకే గడియారం

2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు లభిస్తాయి. మహిళలకు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుగా మొత్తం 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. వివాహం వంటి కారణాలతో వేరే ఊరికి తరలవలసి వస్తే పరిశోధన సమాచారాన్ని మరో సంస్థకు మార్చుకునే వెసులుబాటునూ కల్పించారు. విద్యార్థినుల సంఖ్య పెరుగుతున్న తరుణంలో ఇవి మెచ్చదగిన చర్యలు.

అయితే ఈ కాలపరిమితి అన్ని శాస్త్రాలపైనా ఒకే విధంగా పనిచేయదు. గణితశాస్త్ర విద్యార్థికి కావలసింది కాగితం, కలం, మంచి గ్రంథాలయం, ఆలోచనను అందుకునే గురువు. రసాయనశాస్త్ర విద్యార్థి అలా కాదు. పరికరం చెడితే మరమ్మతుకు, రసాయనం అయిపోతే కొనుగోలు అనుమతికి వేచి ఉండాలి. వ్యవసాయ పరిశోధకుని గడియారం ఋతుపవనాల చేతిలో ఉంటుంది. కంది వంటి ఖరీఫ్ పంటపై ప్రయోగం ఏడాదికొక్కసారే సాధ్యం. ఫలితాన్ని నమ్మాలంటే కనీసం రెండు పంటకాలాలు పరీక్షించాలి. ఒక ఏడు వానలు మొహం చాటేస్తే ఆ ఏడాది శ్రమ మట్టిపాలే.

చరిత్ర విద్యార్థి ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోనో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలోనో దస్త్రాల కోసం నెలల తరబడి కూర్చోవాలి. నిజాం కాలపు కాగితాలు చదవాలంటే పర్షియన్, ఉర్దూ నేర్చుకోవాలి. మానవశాస్త్రవేత్త గ్రామంలో ఏడాదైనా నివసించనిదే అక్కడి జీవితం అర్థం కాదు. సాహిత్య విద్యార్థికి తాళపత్ర ప్రతులు ఒకచోట, పాత పత్రికల సంచికలు మరోచోట. ఇంతటి వైవిధ్యం ఉన్న రంగాలను ఒకే కాలపట్టికలో ఇమిడ్చినప్పుడు తెలివైన విద్యార్థి ఏం చేస్తాడు? కష్టమైన ప్రశ్నను వదిలి, గడువులో పూర్తయ్యే ప్రశ్నను ఎంచుకుంటాడు. ఒకే మాదిరి ప్రశ్నావళి, వంద మందిపై సర్వే, అయిదు అధ్యాయాలు, చివర సూచనలు. సామాజిక శాస్త్రాల్లో ఒకే మూసలో పోసినట్లున్న గ్రంథాలు గుట్టలుగా పేరుకోవడానికి కారణం విద్యార్థుల సోమరితనం ఒక్కటే కాదు.

చేతిలో ఉన్న సొమ్ము

పరిశోధన ఆర్థికాంశం కూడా. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ మొత్తాన్ని 2023 జనవరి నుంచి వర్తించేలా నెలకు 31 వేల రూపాయల నుంచి 37 వేలకు, సీనియర్ ఫెలోషిప్‌ను 35 వేల నుంచి 42 వేలకు పెంచారు. 2018లో ప్రవేశపెట్టిన ప్రధానమంత్రి పరిశోధనా ఫెలోషిప్ కింద ఎంపికైన కొద్దిమందికి నెలకు 70 వేల నుంచి 80 వేల రూపాయల వరకు లభిస్తుంది. అదే సమయంలో కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పరిశోధకులకు ఇచ్చేది నెలకు 8 వేలు. 2015లో ఈ స్వల్ప మొత్తాన్ని కూడా నిలిపివేయాలని యు.జి.సి. నిర్ణయించగా విద్యార్థులు ఢిల్లీలోని సంఘం కార్యాలయం ఎదుట దీర్ఘకాలం ఆందోళన జరిపారు. ఫెలోషిప్ కొనసాగింది, మొత్తం మాత్రం 2023 పెంపుదల వేళ కూడా కదలలేదు. మైనారిటీ విద్యార్థులకు 2009 నుంచి అమలులో ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేశారు.

ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే ప్రయోగశాలలో, పక్కపక్క బల్లల వద్ద పనిచేసే ఇద్దరిలో ఒకరికి 37 వేలు, మరొకరికి 8 వేలు లభించే పరిస్థితి ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, పగలు ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ రాత్రివేళ సిద్ధాంత గ్రంథం రాసుకునేవారు ఎందరో ఉన్నారు. కుటుంబంలో మొదటిసారిగా విశ్వవిద్యాలయం మెట్లెక్కినవారికి ఈ తేడా పరిశోధన కొనసాగుతుందా, ఆగిపోతుందా అన్నది నిర్ణయిస్తుంది.

దేశం మొత్తంగా పరిశోధన, అభివృద్ధిపై చేసిన వ్యయం 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. చైనాలో ఇది రెండున్నర శాతానికి చేరువలో ఉండగా, దక్షిణ కొరియాలో నాలుగున్నర శాతాన్ని మించింది. ఆ దేశాల్లో వ్యయంలో మూడొంతులకు పైగా పరిశ్రమలే భరిస్తాయి. మన దేశంలో ప్రైవేటు పరిశ్రమల వాటా మూడో వంతును కొంచెం మించి ఉంది. ఈ లోటును పూడ్చేందుకు 2023లో పార్లమెంటు చట్టం ద్వారా అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థను నెలకొల్పారు. అయిదేళ్లలో 50 వేల కోట్ల రూపాయల వ్యయం లక్ష్యం కాగా, అందులో 14 వేల కోట్లు ప్రభుత్వానివి, 36 వేల కోట్లు ప్రధానంగా ప్రైవేటు వర్గాల నుంచి రావలసినవి. అలాగే 13 వేల అంతర్జాతీయ పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చే ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకానికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. మారుమూల జిల్లాలోని విద్యార్థి కూడా ఢిల్లీ విద్యార్థి చదివే పత్రికనే చదవగలగడం చిన్న విషయం కాదు.

గురువుల కొరత

పత్రికలు చేరినా చదివించే గురువు ఉండాలి. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ వద్ద 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ వద్ద ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ వద్ద నలుగురు పరిశోధకులకు మించి ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు గడువున్నవారు కొత్తవారిని తీసుకోరాదు. కాగితంపై ఇది చక్కని ఏర్పాటు. అయితే 2022లో పార్లమెంటుకు సమర్పించిన సమాచారం ప్రకారం కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనే ఆరు వేలకు పైగా, అంటే సుమారు మూడో వంతు, అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఆ తరువాత కొన్ని భర్తీ అయ్యాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి ఇంకా బలహీనం. శాఖలో మిగిలిన ఒకరిద్దరు ఆచార్యులే బోధన, పరీక్షలు, పరిపాలన, పర్యవేక్షణ అన్నీ మోయవలసి వస్తే, ఎనిమిది సిద్ధాంత గ్రంథాల్లో ప్రతి అధ్యాయాన్నీ రెండుసార్లు చదవడం ఏ మేరకు సాధ్యం?

గ్రంథాన్ని సంస్థకు చెందని ఇద్దరు పరీక్షకులకు పంపాలనీ, సమర్పించిన ఆరు నెలల లోపు మొత్తం ప్రక్రియ ముగించాలనీ నిబంధన ఉంది. మూడు వందల పేజీలు చదివి నివేదిక రాయడానికి పరీక్షకునికి లభించే పారితోషికం స్వల్పం. గుర్తింపు అంతకంటే స్వల్పం. ఫలితంగా సగం పేజీ నివేదికలు, అభినందనలతో ముగిసే మౌఖిక పరీక్షలు పరిపాటిగా మారాయి. పరిచయస్తులే పరస్పరం పరీక్షకులు కావడం విద్యారంగంలో బహిరంగ రహస్యం. ఈ అలసత్వం పరాకాష్ఠకు చేరినప్పుడు ఏం జరుగుతుందో 2025 జనవరిలో బయటపడింది. పిహెచ్.డి. నిబంధనలను ఉల్లంఘించినందుకు రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అయిదేళ్ల పాటు కొత్త పరిశోధకులను చేర్చుకోరాదని యు.జి.సి. ఆదేశించింది.

ఈ సమస్య మనకే పరిమితం కాదు. పొరుగున ఉన్న పాకిస్తాన్‌లో 2002లో ఏర్పడిన ఉన్నత విద్యా కమిషన్ పరిశోధనకు భారీగా నిధులు కుమ్మరించి, పిహెచ్.డి.లను, ప్రచురణలను వేగంగా పెంచింది. సంఖ్య పెరిగినంతగా నాణ్యత పెరగలేదని అక్కడి శాస్త్రవేత్తలే విమర్శించారు. 2007లో గ్రంథచౌర్యంపై విధానం తేవలసి వచ్చింది. 2021లో అక్కడ కూడా నాలుగేళ్ల డిగ్రీ నుంచి నేరుగా పిహెచ్.డి.లో చేరే వీలు కల్పించారు. రెండు దేశాలూ ఒకే దారిలో, కొద్దిపాటి ఎడంతో నడుస్తున్నాయి.

సిద్ధాంత గ్రంథం ఏం చేయగలదు?

సిద్ధాంత గ్రంథం బీరువాలో దుమ్ము పట్టడానికే అనుకుంటే పొరపాటు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ లండన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన రూపాయి సమస్యపై పరిశోధన 1923లో పుస్తకంగా వెలువడింది. అందులోని పలు వాదనలతో ఏకీభవించలేనని పేర్కొంటూనే దానికి ముందుమాట రాసిన ఆచార్యుడు ఎడ్విన్ కానన్. విద్యార్థి నిర్ధారణను ఒప్పుకోకపోయినా, దాన్ని చదివి, తూచి, ప్రచురణకు అర్హమని చెప్పిన గురువు ఆయన. ఆ తరువాత భారత ద్రవ్య వ్యవస్థపై నియమితమైన హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట అంబేద్కర్ తన వాదనను వినిపించారు.

మన్మోహన్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1964లో గ్రంథరూపంలో వచ్చింది. భారత ఎగుమతులు కుంటుపడటానికి విదేశీ గిరాకీ లేకపోవడం ఒక్కటే కారణం కాదనీ, స్వదేశీ విధానాలకూ బాధ్యత ఉందనీ ఆయన అందులో వాదించారు. 1991లో ఆర్థిక మంత్రిగా ఆయన చేపట్టిన సంస్కరణల్లో ఆ ఆలోచన ఛాయలు కనిపిస్తాయి. తెలుగునాట చూస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై 1950ల్లో చేసిన పరిశోధన ఆ రంగాన్నే నిలబెట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో తెలుగు క్రియాధాతువులపై డాక్టరేట్ పొందిన భద్రిరాజు కృష్ణమూర్తి, తిరిగి వచ్చి రైతుల నోట, చేనేతకారుల నోట ఉన్న మాటలను సేకరించే మాండలిక వృత్తిపదకోశాలకు శ్రీకారం చుట్టారు. వారి గ్రంథాలను చదివినవారు ఉన్నారు. వాటితో వాదించినవారు ఉన్నారు. అందుకే అవి పట్టాతో ఆగిపోలేదు.

వెలుగులోకి తెచ్చిన గంగ

ఈ నిరాశాజనక వాతావరణంలో ఒక ఆశారేఖ లేకపోలేదు. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని 2009 నిబంధనలు ఆదేశించాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ‘శోధ్‌గంగ’ భాండాగారంలో ఇప్పుడు 5 లక్షలకు పైగా గ్రంథాలు ఉన్నాయి. వాటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. పూర్వం ఒక గ్రంథాన్ని చూడాలంటే ఆ విశ్వవిద్యాలయానికే వెళ్లి, అనుమతి తీసుకొని, గ్రంథాలయంలో కూర్చొని నోట్సు రాసుకోవలసి వచ్చేది. ఇప్పుడు శ్రీకాకుళంలోని విద్యార్థి ఒకే అంశంపై గువాహటిలో, జైపూర్‌లో ఏం రాశారో కూర్చున్నచోటనే తెలుసుకోవచ్చు.

ఈ బహిరంగత రెండు వైపులా పదునున్న కత్తి. మంచి పనికి పాఠకులు దొరుకుతారు. దొంగ పని ఎప్పటికైనా బయటపడుతుంది. కాని భాండాగారం నింపినంత మాత్రాన ప్రయోజనం నెరవేరదు. ఆ గ్రంథాలపై సమీక్షలు రావాలి. వాటిలో మేలైనవాటి సారాంశం ప్రాంతీయ భాషల్లో వెలువడాలి. ఒక జిల్లాలోని సాగునీటి చెరువులపై పరిశోధన జరిగితే ఆ జిల్లా యంత్రాంగం దాన్ని చూడాలి. ప్రజల సొమ్ముతో జరిగిన పరిశోధన ప్రజలకు చేరే మార్గం ఇదే.

పరిష్కారం మరో జాబితాలోనో, మరో శాతంలోనో లేదు. ఖాళీ పోస్టులను భర్తీ చేయడం, పరీక్షకుని నివేదికలను గ్రంథంతో పాటు బహిరంగపరచడం, మౌఖిక పరీక్షను నిజమైన చర్చగా జరపడం, క్షేత్ర పరిశోధన అవసరమైన శాస్త్రాలకు అందుకు తగిన వ్యవధి ఇవ్వడం, ఫెలోషిప్‌ల మధ్య అంతరాన్ని తగ్గించడం తక్షణ కర్తవ్యాలు. వీటిలో పరీక్షకుల నివేదికలను వెల్లడించడానికి ప్రత్యేకంగా నిధులు కూడా అక్కరలేదు. తాను రాసిన నివేదిక నలుగురూ చదువుతారని తెలిస్తే పరీక్షకుడు గ్రంథం తెరవక తప్పదు.

రెండు లక్షల మందికి పైగా యువతీయువకులు తమ జీవితంలో అత్యంత శక్తిమంతమైన అయిదారేళ్లను ఈ గ్రంథాల కోసం వెచ్చిస్తున్నారు. వారిలో చాలామంది కుటుంబాలు ఆ కాలంలో వారి సంపాదన లేకుండానే నెట్టుకొస్తున్నాయి. ఇంత త్యాగానికి బదులుగా వారు కోరదగిన కనీస హక్కు ఒకటుంది. తాము రాసినదాన్ని పట్టా ఇచ్చే ముందు ఎవరైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవడమే అది. ఆ హక్కుకు హామీ ఇవ్వలేనంత కాలం పెరుగుతున్న పట్టాల సంఖ్యను ప్రగతిగా పరిగణించడం సాధ్యం కాదు.